పెళ్లికొడుకు తన పెళ్లికి ఏం చేయాలి? పీటల మీద కూచునేలోపు చూసుకోవాల్సినవి

శుభలేఖలు అచ్చుకి వెళ్లాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. మాటలు వేరైనా అడిగేది ఒక్కటే: "అన్నా, అన్నీ అమ్మానాన్నే చూసుకుంటున్నారు. ఇంతకీ నేనేం చేయాలి?" చాలామంది షేర్వాణీ కుట్టించుకుని, గడ్డం దిద్దించుకుని, మన పని అయిపోయిందనుకుంటారు. పెళ్లి రెండు రోజుల్లోకి వచ్చాక కంగారు పడతారు.

నా పెళ్లి కాక, తమ్ముళ్లవీ స్నేహితులవీ కలిపి ఓ పదిహేను పెళ్లిళ్లలో పెళ్లికొడుకు పక్కన నిలబడ్డాను. మిమ్మల్ని 'పెళ్లికొడుకుని చేసిన' క్షణం నుంచి మీరు ఉత్సవ విగ్రహమే. మోస్తారు, దించుతారు, దండలేస్తారు. మిమ్మల్ని అడిగేవాడుండడు, మీరు చెప్పినా వినేవాడుండడు. కాబట్టి ఒంటికి నలుగు పెట్టేలోపే మీ పనులు అయిపోవాలి. మిగిలినవి పేరు పెట్టి ఎవరో ఒకరికి అప్పగించాలి. ఆంధ్రా, తెలంగాణ ఇళ్లలో జరిగే మామూలు హిందూ పెళ్లిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తంతు ఇంటింటికీ మారుతుంది, అక్కడ మీ పెద్దవాళ్ల మాటే ఖాయం.

కావాల్సినవి

- చిన్న నోటు పుస్తకం. ఫోన్లో రాసుకోవద్దు, ఆ రోజు ఫోను మీ చేతిలో ఉండదు.
- పంచకట్టుకి సరిపోయే పంచెలు రెండు, నడుముకి బెల్టో గట్టి మొలతాడో.
- పసుపుతాళ్లు ఓ అరడజను, ముళ్లు వేసి చూసుకోవడానికి.
- పదో తరగతి మార్కుల మెమో, ఆధార్, పాస్‌పోర్టు జిరాక్సులు, ఫొటోలు. ఇవి పెళ్లి రిజిస్ట్రేషన్‌కి.
- పది, యాభై, వంద నోట్లు, రూపాయి బిళ్లలు. పళ్లెంలో దక్షిణ వేయమన్నప్పుడల్లా ఐదు వందల నోటు తీస్తే మీకూ బాగోదు, మీ నాన్నగారికి అసలు బాగోదు.
- మీ మాట వినే ఒక మనిషి. తోడుపెళ్లికొడుకని పక్కన కూచోబెట్టే ఆరేళ్ల బుడ్డోడు కాదు. పెళ్లయినవాడైతే మరీ మంచిది, వాడికి తంతు తెలుస్తుంది.

1. పంతులుగారి దగ్గర ఒక గంట కూచోండి (నెలన్నర ముందు)

లగ్నపత్రికలో రాసిన ముహూర్తం జీలకర్ర బెల్లం పెట్టే సమయం. మీరు మండపానికి రావాల్సిన సమయం కాదు. ఎక్కువమంది తప్పటడుగు ఇక్కడే. ముహూర్తం రాత్రి 2:40 అంటే, దానికి ముందు ఎదురుకోలు, వరపూజ, కాళ్లు కడగడం వగైరా ఉంటాయి. ఆ ఇంట స్నాతకం, కాశీయాత్ర ఉంటే అవి కూడా.

పంతులుగారిని మూడే అడగండి: ముహూర్తానికి ఎంత ముందు నేను పీటల మీద ఉండాలి? మా వైపు నుంచి తేవాల్సిన సామగ్రి ఏమిటి? ముహూర్తం అయ్యేదాకా ఏమైనా తినొచ్చా?

తర్వాత వెనక్కి లెక్క కట్టండి. రెండున్నర గంటలు ముందుండాలన్నారనుకోండి, అంటే 12:10కి పీటలు. బట్టలు కట్టుకోవడానికి గంట, స్నానానికి అరగంట, అంటే 10:40కి స్నానానికి లేవాలి. భోజనం, ఎదురుకోలు దానికి ముందు. విడిదికి మీ బస్సు ఆరింటికల్లా చేరాలి. బస్సు ఆలస్యంగానే బయల్దేరుతుంది, ఎప్పుడైనా ఎక్కడైనా. అందరికీ గంట ముందు టైము చెప్పండి.

తెలంగాణలో పగటి ముహూర్తాలు ఎక్కువ. నిద్ర బెడద ఉండదు గానీ వైశాఖంలో పదకొండు గంటల పెళ్లంటే ఎండ, చెమట, హోమం వేడి మూడూ కలుస్తాయి. మండపం దగ్గర ఫ్యాను ఎటు తిప్పి ఉందో ముందే చూడండి. హోమగుండం మీదికి గాలి కొడితే పొగంతా మీ మొహానికే.

*సరిచూసుకోండి:* మీ లెక్క అమ్మాయి అన్నయ్యకో తమ్ముడికో చదివి వినిపించండి. రెండు వైపులా ఇద్దరు పంతుళ్లుంటే సమయాలు చాలాసార్లు కలవవు. ఆ తేడా ఇప్పుడు బయటపడితే ఫోన్లో తేలిపోతుంది, పందిట్లో పడితే వియ్యంకుల మధ్య మాటొస్తుంది.

2. ఎవరి ఖర్చు ఏదో కాగితం మీద పెట్టండి

హాలు, భోజనాలు, ఫొటోలు, మేళం, మీ వైపు బస్సు, విడిది గదులు, రిసెప్షను. ప్రతిదాని ఎదురుగా 'మేము', 'వాళ్లు', 'సగం సగం' అని రాయండి. పెద్దవాళ్లు మొహమాటానికి "చూద్దాంలెండి" అంటారు. ఆ 'చూద్దాం' రెండేళ్లయినా ఇంట్లో నలుగుతూనే ఉంటుంది. మీరూ అమ్మాయీ నేరుగా మాట్లాడుకుని తేల్చి, పెద్దలకి చెప్పడం తేలిక.

కట్నం సంగతి సూటిగా చెబుతాను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడం, పుచ్చుకోవడం, అడగడం మూడూ నేరాలే. పుచ్చుకుంటే తక్కువలో తక్కువ ఐదేళ్ల జైలు. "మేమేం అడగలేదు, వాళ్లే పెట్టారు" అనే మాటకి మీ దగ్గర కాగితం ఉండాలి. పెళ్లిలో వచ్చిన కానుకల జాబితా రాసుకోవాలని 1985 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మీకు వచ్చినవి మీరు, అమ్మాయికి వచ్చినవి అమ్మాయి. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం ఉండాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. అరగంట పని, చేసేవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలకపాన్పు మీద కూచుని బండి అడగడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సరదా ఉంటే చాక్లెట్ అడగండి.

3. పంచె కట్టడం నేర్చుకోండి (ఈ పని వాయిదా వేయొద్దు)

షేర్వాణీ రిసెప్షన్‌కి. పీటల మీద కట్టేది పంచె, తర్వాత మధుపర్కాలు. జీన్సు తప్ప ఎరగని నడుముకి పట్టుపంచె జారుడుబండ. నా పెళ్లిలో కాళ్లు కడిగించుకుని లేచేసరికి ముందు కుచ్చిళ్లు సగం చేతిలోకొచ్చాయి. మా మేనమామ వెనకనుంచి ఉత్తరీయం అడ్డుపెట్టి మళ్లీ దోపాడు. ఆల్బంలో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, మా ఆవిడ తీయనివ్వదు.

కొనేటప్పుడు 'పంచకట్టుకి' అని చెప్పి అడగండి. మామూలు ఎనిమిది మూరల పంచె ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి గోచీ పోయడానికి చాలదు, తొమ్మిది మూరలది తీసుకోండి. కట్టే విధానం ఇదీ:

అ) పంచె నడుము వెనకనుంచి చుట్టి రెండు వైపులా ముందుకు తెండి. రెండు వైపులా పొడవు సమానంగా ఉందో లేదో చూసి, బొడ్డు దగ్గర ఒక గట్టి ముడి వేయండి. మొత్తం బరువు ఈ ముడి మీదే. ఊపిరి వదిలి బిగించండి, పీల్చి బిగిస్తే కూచోగానే వదులైపోతుంది.

ఆ) ఎడమవైపు కొసని కుచ్చిళ్లు పెట్టి, కాళ్ల మధ్యనుంచి వెనక్కి తీసి, నడుము వెనక నడిమధ్యలో దోపండి. ఇదే గోచీ. మరీ లాగితే కూచోలేరు, వదిలేస్తే వెనక సంచిలా వేలాడుతుంది.

ఇ) కుడివైపు కొసని వెడల్పాటి కుచ్చిళ్లు పెట్టి, బొడ్డు దగ్గర ముందు దోపండి. అంచు కింద పాదం మీదికి రావాలి, నేలకి మాత్రం తగలకూడదు.

ఈ) పైన బెల్టు. అది ఉత్తరీయం కింద దాగిపోతుంది, మొహమాటపడకండి.

నూలు పంచెని ఉతికించి గంజి పెట్టిస్తే కుచ్చిళ్లు నిలబడతాయి. పొందూరు ఖద్దరో మంగళగిరి నూలో అయితే జారే భయమే లేదు. పట్టే కావాలంటే వారం ముందు రెండుసార్లు కట్టి మడత విరవండి. ఇవేవీ కుదరకపోతే ఎలాస్టిక్ పెట్టి కుట్టిన రెడీమేడ్ పంచకట్టు దొరుకుతుంది. చూసేవాళ్లకి తేడా తెలియదు. మధుపర్కాలు మాత్రం అప్పటికప్పుడు కట్టాల్సిందే, అందుకే చేతకావాలి అంటున్నాను.

*సరిచూసుకోండి:* కట్టాక బాసింపట్టు వేసి కింద కూచోండి, చేతులు ఆన్చకుండా లేవండి, ఏడడుగులు నడవండి, ఒక కాలు ఎత్తి పళ్లెంలో పెట్టినట్టు పెట్టండి. నాలుగూ అయ్యాక ముడి కదలకపోతే మీరు పాసైనట్టే.

పనిలో పనిగా రోజూ ఇరవై నిమిషాలు నేల మీద కూచోవడం అలవాటు చేసుకోండి. కుర్చీలకి అలవాటైన కాళ్లు గంటకే తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి కాలితో లేచి మంగళసూత్రం కట్టబోతే అమ్మాయి మీద పడతారు. నేను ఒకరిని పట్టుకున్నాను కూడా.

4. పుస్తెలు, మట్టెలు

పుస్తెలు రెండు: ఒకటి పుట్టింటివారిది, ఒకటి అత్తింటివారిది. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు షాపుల్లో కొంటారు. తీరా తాడుకి గుచ్చేటప్పుడు చూస్తే ఒకటి పావలా అంత, ఒకటి రూపాయంత. పుస్తె ఆకారం కూడా ఇంటిని బట్టి ఉంటుంది. ముందు వాళ్లది ఫొటో తెప్పించుకుని, బరువు కనుక్కుని, దాన్నిబట్టి మీది చేయించండి.

బంగారం మీద హాల్‌మార్క్, అంటే బీఐఎస్ (ప్రభుత్వ నాణ్యతా సంస్థ) గుర్తు, 22 క్యారెట్లయితే 916 అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ వస్తువు గుర్తింపు సంఖ్య) ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే వస్తువు వివరాలు వస్తాయి, షాపులో ఉండగానే చూసుకోండి. రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి చిన్న పుస్తె మీద ముద్ర లేకపోతే కంగారుపడి దెబ్బలాడకండి. రసీదు మీద క్యారెట్లు, బరువు రాయించుకుంటే చాలు.

మట్టెలకి అమ్మాయి కాలి వేలి కొలత దారంతో తెప్పించండి. సన్నికల్లు మీద పెట్టిన కాలికి ఎక్కని మట్టె తోస్తూ కూచోవడం ఇద్దరికీ నరకమే. కింద తెరిచి ఉండే రకం తీసుకుంటే సర్దుకోవచ్చు.

*హెచ్చరిక:* బంగారం లాకర్లో పెట్టారా? అయితే క్యాలెండర్ చూడండి. ఆదివారం పెళ్లి, ముందు రోజు రెండో శనివారం. బ్యాంకు లేదు. మా పిన్ని కొడుకు పెళ్లికి శుక్రవారం సాయంత్రం 3:50కి ఈ సంగతి గుర్తొచ్చింది. నేను లుంగీ మీదే పరిగెత్తాను. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకి సెలవని తెలియనివాడెవడూ లేడు, ఆ వారం గుర్తుండేవాడూ లేడు.

5. ఒంటి సంగతి

క్షవరం నాలుగైదు రోజుల ముందు చేయించుకోండి. కొత్తగా ఫేషియల్ చేయించాలని ఉంటే నెల ముందు ఒకసారి చేయించి చూడండి. వారంలో పెళ్లి పెట్టుకుని మొదటిసారి ఏ క్రీమూ రాయించొద్దు, దద్దుర్లొస్తే ఫొటోల్లో శాశ్వతం. అప్పుడే గీసిన గడ్డం మీద నలుగు పసుపు మంట పుట్టిస్తుంది, ముందురోజే గీసుకోండి.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకి హోమం పొగ పడదు. కళ్లజోడుతోనే కూచోండి, బాసికం పైన కట్టొచ్చు. బాసికం దారం చెవుల మీద ఒరుసుకుంటుంటే ముందే చెప్పి వదులు చేయించుకోండి, మూడు గంటలు ఓర్చుకోకండి.

ఉపవాసం ఉండమంటే పాలు, పళ్లు, కొబ్బరినీళ్లు చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు. షుగరుకో బీపీకో మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుని అడిగి, ఏం తినాలో తేల్చుకుని, ఆ మాట పంతులుగారికి ముందే చెప్పండి. ఎవరూ కాదనరు.

6. పనులు అప్పగించండి, తర్వాత ఫోను

పెళ్లికి మూడు రోజుల ముందు నోటు పుస్తకం తీసి ఒక్కో పని ఎదురుగా ఒక్కో పేరు, ఫోన్ నంబరు రాయండి. 'అందరూ చూసుకుంటారు' అని రాస్తే ఎవరూ చూడరని అర్థం.

- బస్సు డ్రైవరు, విడిది తాళాలు: ఒకరు
- పుస్తెలు, మట్టెలు, తలంబ్రాల పెట్టె: ఇంటి ఆడపడుచో అమ్మో, ఒక్కరే
- చదివింపుల పుస్తకం, కవర్ల సంచి: ఇద్దరు, ఒకరు రాయడానికి, ఒకరు సంచి వదలకుండా ఉండటానికి
- మీ చెప్పులు: మరదళ్లు ఎత్తుకెళ్లేలోపు ఒకరు
- డబ్బు చెల్లింపులు: ఒకరు

ఆఖరి పని విడిగా చెప్పాలి. చాలా బ్యాంకుల్లో యూపీఐ రోజుకి లక్ష దగ్గర ఆగిపోతుంది. మేళానికి, డెకరేషన్‌కి, బస్సుకి మీ ఒక్క ఫోన్‌ నుంచే కొడదామనుకుంటే మూడోవాడి దగ్గర ఆగుతుంది. పెద్ద మొత్తాలు ముందురోజే పంపేయండి. మిగిలినవి కవర్లలో పెట్టి పైన పేరు, మొత్తం రాసి ఇవ్వండి. అలాగే పెళ్లి కానుకల మీద పన్ను లేదు గానీ, ఒకే మనిషి నుంచి ఒకే సందర్భానికి రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదు. అంత ఇచ్చే మేనమామ ఉంటే చెక్కు రాయమనండి.

7. ఫొటోగ్రాఫరుకి నాలుగు మాటలు

తీయాల్సినవి కాదు, వదలకూడనివి చెప్పండి: తెర తీసే క్షణం, జీలకర్ర బెల్లం, మూడు ముళ్లు, సప్తపది. మూడు ముళ్ల ఫొటోలో ఇద్దరి మొహాలూ తెలిసేలా ఒకటి ఉండి తీరాలి, రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుంది. "సార్, ఇటు చూడండి, ఇంకోసారి" అని తంతు ఆపొద్దని గట్టిగా చెప్పండి. ముహూర్తం నిమిషాల్లో ఉంటుంది, ఆయన లైటు కోసం ఆగదు.

8. పీటల మీద

జీలకర్ర బెల్లం తమలపాకులో పెట్టి ఇస్తారు. అమ్మాయి నడినెత్తిన పెట్టి, పంతులుగారు తీయమనేదాకా చెయ్యి కదపకండి. గట్టిమేళం మోగగానే అయిపోయిందనుకుని తీసేవాళ్లే ఎక్కువ. మీ తల మీదా అదే ముద్ద ఉంటుంది కాబట్టి జెల్లు దట్టించుకోవద్దు. బెల్లం, జెల్లు కలిస్తే మర్నాటికి గాని వదలదు.

మూడు ముళ్లు: పసుపుతాడు బిరుసుగా ఉంటుంది, షూ లేసులా బిగుసుకోదు. పైగా పూలజడ, నగలు, చుట్టూ అక్షింతల వాన. ఇంట్లో బిందె మెడకి కట్టి నేర్చుకోండి, నవ్వేవాళ్లని నవ్వనీయండి. ముడి వేశాక రెండు కొసలూ ఒకేసారి లాగి బిగించి, తర్వాతే రెండో ముడికి వెళ్లాలి. తాడు కొసలు రెండూ జానెడు మిగిలేలా గుచ్చమని ముందే చెప్పండి, పొట్టిగా ఉంటే మూడో ముడి పడదు. జడ ఎత్తి పట్టుకోవడానికి మీ అక్కయ్యో చెల్లెలో వెనక ఉండాలి.

*సరిచూసుకోండి:* మూడో ముడి తర్వాత చిటికెన వేలితో తాడు మెల్లగా లాగి చూడండి. జారకపోతే సరే.

తలంబ్రాల్లో ఈమధ్య థర్మోకోల్ పూసలు కలుపుతున్నారు. ఫొటోల్లో బాగుంటాయి, కళ్లలోకీ నోట్లోకీ పోతాయి, హోమం దగ్గర కాలి కంపు కొడతాయి. పసుపు కలిపిన బియ్యం చాలు. హోమం దగ్గర కూచున్నప్పుడు ఉత్తరీయం కొసలు ఒళ్లో పెట్టుకోండి. బ్రహ్మముడి వేసి ఉంటుంది కాబట్టి గబుక్కున లేవకండి, ఆమె లేచాకే మీరు.

9. ఆ తర్వాత వారంలో

అందరూ వ్రతం, విందులు అంటారు. మీరు రిజిస్ట్రేషన్ మరవకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. పెళ్లి జరిగిన చోటు పరిధిలోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, గుర్తింపు కార్డులున్న సాక్షులతో వెళ్లాలి. సాక్షులుగా ఆ ఊళ్లోనే ఉండే చుట్టాలని మాట్లాడి పెట్టుకోండి, మీ స్నేహితులు అప్పటికి ఎవరి ఊళ్లకి వాళ్లు పోయుంటారు.

అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి చేసుకునేవాళ్లకి ఇది ప్రాణం. అమ్మాయి భార్యగా వెళ్లడానికి తీసుకునే హెచ్‌-4 వీసాకి పెళ్లి సర్టిఫికెట్ కావాలి. వాళ్లు ఇండియాలో దిగేలోపే ఇక్కడ ఎవరైనా ఆఫీసుకి వెళ్లి ఏ కాగితాలు అడుగుతున్నారో కనుక్కుని, తేదీ చూసి ఉంచాలి. శుభలేఖ మీద పేర్లు 'చిన్ని', 'బుజ్జి' అని కాకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా వేయించండి. ఒక స్నేహితుడి శుభలేఖలో ఇంటిపేరు పొట్టి అక్షరమే ఉంది. కౌంటరు దగ్గర "ఇది మీరేనని ఎలా తెలుస్తుంది?" అన్నారు, మళ్లీ ఒక అఫిడవిట్, మళ్లీ ఒక రోజు.

సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి పేర్లు, పుట్టినతేదీలు, పెళ్లి తేదీ ఒక్కో అక్షరం వేలు పెట్టి చదవండి. ముహూర్తం రాత్రి పన్నెండు దాటాక ఉంటే తేదీ మరీ జాగ్రత్తగా చూడండి. శుభలేఖలో శనివారం రాత్రి అని వేయిస్తారు, తాళి కట్టింది ఆదివారం తెల్లవారుజామున అవుతుంది. ఏ తేదీ రాయించాలో ఇద్దరూ ముందే ఒక మాట అనుకుని వెళ్లండి.